సువార్తమ్మ టీచరు, పిడికెడు బియ్యం

పక్కింటి మామ్మ ఆదివారం పొద్దున్నే మనవరాలికి తలంటుతుంది. వరండాలో ఎండ పడే మూల చూసుకుని, పిల్లని కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, మాడు మీద ఆముదం చరిచి చరిచి రుద్దుతుంది. ఆ పిల్ల గోల పిల్లదే, ఆమె చరుపు ఆమెదే. ఎచ్చెర్లలో మా ఇంటికీ వాళ్ళ వరండాకీ మధ్య ఒక్క మందార చెట్టే అడ్డం కాబట్టి ఆ వాసన తిన్నగా నా వంటింట్లోకి వచ్చేస్తుంది. ఆముదం అంటే ఎవరికైనా తలంట్లో, బాలింత గదో గుర్తొస్తాయి. నాకు మాత్రం వరసగా చాచిన ఆడవాళ్ళ అరచేతులు గుర్తొస్తాయి. ఆ చేతుల వెనక నుంచి ఒక గొంతు వినిపిస్తుంది. "ఏటే, కూకుండిపోయావు? కాళ్ళకి మేకులు దిగ్గొట్టారా?" అంతే, ఇక కూర్చోవడం నా వల్ల కాదు. పొయ్యి మీద పాలున్నా సరే, ఇల్లంతా ఒకసారి చుట్టి వస్తాను. ఆమె పోయి కొన్నేళ్ళయింది. ఆ గొంతు మాత్రం నన్ను స్థిమితంగా ఉండనివ్వదు.

మీరెవరూ సువార్తమ్మ టీచరుగారిని చూసి ఉండరు. పొట్టిగా, బక్కగా, ఎండైనా వానైనా నల్ల గొడుగు చంకలో పెట్టుకుని, మా పుట్టినూరు పలాస వీధుల్లో వెనక ఎవరో తరుముతున్నట్టు నడిచేది. ఊళ్ళో సగం మందికి అఆలు దిద్దించి రిటైరయింది. ఆ తరవాత వాళ్ళ చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి పెద్దయింది. కుర్చీ వేస్తే అంచు మీదే కూర్చునేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "టీచరుగారూ, కాస్త వెనక్కి ఆనుకోవచ్చు కదా?" అని. "ఆనుకుంటే నిద్దరొస్తాదే. అదే నాకు భయం," అంది. ప్రార్థన విషయంలోనూ ఆమెది అదే వరస. ఆమేన్ అన్నాక మనసు హాయిగా ఉందని ఎవరైనా చెబితే అనుమానంగా చూసేది. "హాయిగా ఉన్నాదంటే సరిగ్గా అడగలేదన్నమాట. మళ్ళీ కళ్ళు మూసుకో," అనేది.

మాది వాళ్ళ మతం కాదు. మాది వ్యాపారం చేసుకునే ఇల్లు. నాన్నకి బజార్లో ఒక దుకాణం, ఊరి చివర చిన్న జీడి బట్టీ ఉండేవి. పిక్కలు కాల్చి, పగలగొట్టి, పప్పు తీసి అమ్మడమే మా బతుకు తెరువు. నేను డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగం రాక, పెళ్ళి చూపుల మధ్య గోళ్ళు గిల్లుకుంటున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం గొడుగు టకటకలాడించుకుంటూ ఆవిడ దుకాణంలోకి వచ్చింది.

"ఒరే రాంబాబూ, నీ కూతురు ఇంగ్లీషు సదివిందట కదా?"

నాన్న గల్లా పెట్టె వదిలేసి లేచి నిలబడ్డాడు. తల నెరిసిన మనిషి, ఆవిడ ముందు మూడో తరగతి పిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు. "సదివింది టీచరుగోరూ."

"మరి ఇంట్లో కూకోబెట్టి ఏటి సేస్తన్నావు, ఊరగాయ పెడతన్నావా? నాకియ్యి. మాటలు తిరగెయ్యడానికి ఒక మనిషి కావాల."

"మన గుడి కాదు కదా టీచరుగోరూ..." అని నాన్న నసిగాడు.

"దాన్ని నేను ఇంగ్లీషు అడిగాను గాని బాప్తిస్మం అడగలేదురా," అంది ఆవిడ. నాన్న నోరు మూతపడింది. మర్నాటి నుంచి నేను ఆవిడ గొడుగు వెనక నడవడం మొదలుపెట్టాను.

వాళ్ళ సంఘానికి పైన ఒక పెద్ద సభ ఉంది. దానికి దేశదేశాల చర్చిలతో పొత్తులున్నాయి. మా వైపు ఎవరినడిగినా, మిషన్ అంటే దొరలు మనకి ఏదో తెచ్చి ఇవ్వడమే. ఆస్పత్రో, బడో, పాలపొడి డబ్బానో. టీచరుగారికి ఆ తలపే కంపరం. "ఎన్నాళ్ళు సెయ్యి సాపి కూకుంటాం? ఎవరికన్నా నేర్పడానికి మనకి ఒక్క పనన్నా రాదా?" అని ప్రతి కూడికలోనూ అడిగేది. అలాంటి రోజుల్లో ఆఫ్రికా దక్షిణాన మొజాంబిక్ నుంచి ఒక చిన్న సంఘం కబురు పంపింది. అక్కడ ఊరి చుట్టూ జీడిమామిడి తోటలే. కాయకాలం వస్తే పిక్కల్ని పచ్చిగానే లారీలకెత్తి అయినకాడికి అమ్మేస్తున్నారు. పప్పు తీసే పని ఎవరైనా నేర్పితే ఆడవాళ్ళు సొంతంగా ఒక పాక వేసుకుంటారు. పలాస వాళ్ళకి ఇంతకన్నా బాగా తెలిసిన పని ఇంకేముంది? టీచరుగారు ఎగిరి గంతేసింది. దారి ఖర్చు పెద్ద సభది, వచ్చిన మనిషికి తిండీ, వసతీ, నేర్పడం మా ఊరి సంఘానివి అని ఒప్పందం కుదిరింది.

తిండి ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలి. వాళ్ళ సంఘంలో పిడికెడు బియ్యం అని ఒక అలవాటు ఉంది. ఎసట్లో పోయడానికి బియ్యం కొలుచుకున్నాక, కడిగే ముందు, అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి వేరే ముంతలో వేస్తారు. ఇంట్లో ఎంత కరువున్నా ఆ పిడికెడు మాత్రం తీస్తారు. ఆదివారం ఆ ముంత పట్టుకెళ్ళి మందిరంలో గుమ్మం పక్కనున్న డ్రమ్ములో పోస్తారు. మొజాంబిక్ నుంచి వచ్చే మనిషి ఆ డ్రమ్ములో బియ్యమే తినాలని తీర్మానమయింది. ఆ సంఘంలో ఆడవాళ్ళు చాలామంది జీడి బట్టీల్లో పనిచేసేవాళ్ళే, మా బట్టీలోనూ కొందరు ఉండేవారు. అందరూ సంబరపడ్డారు. మన బియ్యం తిని మన పని నేర్చుకోవడానికి సముద్రం దాటి మనిషి వస్తోందంటే, ఎవరికి గర్వంగా ఉండదు?

వచ్చినావిడ పేరు అమేలియా. పొడుగాటి మనిషి, నడుముకి పువ్వుల గుడ్డ చుట్టుకుని పలాస స్టేషన్లో రైలు దిగింది. పక్క దేశంలో కొన్నాళ్ళు పనిచేసిందట, కొంచెం ఇంగ్లీషు వచ్చు. పిల్లలు ఆమె వెనక గుంపుగా పడితే టీచరుగారు గొడుగు ఎత్తింది. "ఏటా సూపు? మీ ఇంటికి సుట్టాలు రారేటి?" మర్నాడు మా బట్టీకి తీసుకొచ్చి ఎస్తేరమ్మ పక్కన కూర్చోబెట్టింది. ఎస్తేరమ్మ మా బట్టీలో పెద్ద చెయ్యి. కాల్చిన పిక్కని రాయి మీద నిలబెట్టి కర్రతో ఒక్క దెబ్బ వేస్తే డొల్ల రెండు చెక్కలై, గింజ నలగకుండా బయటికి వచ్చేది. మొగుడు నాలుగు పక్కలా చేసి పోయిన అప్పులు, మంచం దిగని అత్త, చదువుతున్న కూతురు, అన్నీ ఆ కర్ర దెబ్బ మీదే నడిచేవి. జీడి డొల్లలో రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కి తోలు ఊడిపోతుంది. అందుకే పనికి కూర్చునే ముందు అందరూ చేతులకి ఆముదం పట్టిస్తారు. అమేలియా అరచేతుల్లో మొదట ఆముదం పోసింది ఎస్తేరమ్మే. మొదటి రోజు అమేలియా కొట్టినవన్నీ ముక్కలే. "ఓలమ్మ! పప్పు తియ్యమంటే పచ్చడి సేస్తన్నావేటే!" అని ఎస్తేరమ్మ నెత్తి కొట్టుకుంది. నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పేసరికి అమేలియా పొట్ట పట్టుకుని నవ్వింది. చూసి అందరూ నవ్వారు. ఆ వారమంతా బట్టీలో పండగలా ఉండేది.

ఆ నవ్వు ఆగిపోవడం నా కళ్ళ ముందే జరిగింది. ఒక మధ్యాహ్నం గిడ్డంగి నుంచి కొత్త బస్తాలు దించుతున్నారు. అమేలియా లేచి వెళ్ళి ఒక బస్తా మీద అచ్చు చూసి, పుట్టింటి వాళ్ళు ఎదురైనట్టు కేక పెట్టింది. అది వాళ్ళ రేవు పేరు. ఆ పిక్కలు వాళ్ళ జిల్లావే. బస్తాని తట్టి, రెండు చేతులతో పట్టుకుని, "ఇవి మావి! మా చెట్లవి!" అంది. నేను అదే సంతోషంతో తెలుగులో చెప్పాను. ఒక్కొక్కటిగా కర్రల చప్పుడు ఆగిపోయింది. ఫారిన్ పిక్కలు వస్తాయని బట్టీలో అందరికీ తెలుసు. మా చుట్టుపక్కల ఉద్దానం తోటల పిక్క చాలక ఓడల మీద వచ్చే సరుకు అది. కానీ ఆ ఫారిన్ అన్నది అమేలియా వాళ్ళ ఊరేనని మాలో ఏ ఒక్కరికీ తట్టలేదు. టీచరుగారికి తట్టలేదు, రోజూ ఆ బస్తాలు కొనే మా నాన్నకీ తట్టలేదు.

ఎస్తేరమ్మ కర్ర పక్కన పెట్టి నా వైపు చూసింది. "అయితే ఈలు అక్కడే కొట్టేసుకుంటే, మనకి పిక్కలెక్కడివి పాపా?" అమేలియా నా మొహమూ ఆవిడ మొహమూ మార్చి మార్చి చూసింది. ఆ రోజు సాయంత్రం నాన్న అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. "మన కొంప మనమే అంటించుకుంటన్నామేటే?" అన్నాడు అమ్మతో.

ఆ ఆదివారం మందిరంలో ఆడవాళ్ళందరూ ముంతలు పట్టుకునే వచ్చారు. ఎప్పటిలాగే వరసలో నిలబడి, ఎప్పటిలాగే డ్రమ్ములో వంచారు. ఒక్క గింజ రాలలేదు. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదని తరవాత ఒట్టేసి చెప్పారు. ఒట్టి ముంతలు వంచి, కొంగుతో మూతి తుడిచి, వెళ్ళి చాపల మీద కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి అంతా చూశాను. వెనక వరసలో అమేలియా వాళ్ళ భాషలో పాట పాడుకుంటోంది. ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఇబ్బందిగా, "ప్రార్థనలో పెడదాం, అన్నీ సర్దుకుంటాయి," అన్నారు. టీచరుగారు కుర్చీ అంచు మీది నుంచి లేచింది. "పెడదాం అయ్యగారూ. ముందు కడుపులో ఉన్నది కక్కనివ్వండి. కక్కకుండా పెడితే దేవుడికి ఏటి అర్థమవుతాది?" అని తలుపులు దగ్గరికి వేయించింది. నన్ను పిలిచి తన పక్కన నిలబెట్టుకుంది. "ఒక్క మాట మింగకు. నాకు కష్టంగా ఉన్నా, మీ నాన్నకి కష్టంగా ఉన్నా, ఉన్నదున్నట్టు తిరగెయ్యి," అంది.

ఎస్తేరమ్మ లేచింది. "నానేటి సెడ్డదాన్ని కాదు టీచరమ్మా. ఆ పిల్లంటే నాకు పేనం. కానీ నా కూతురికి ఇంకా సదువవనేదు. నా సేతులతో నానే నా పని ఎల్లగొట్టుకుంటే, రేపు నాకు ముద్ద నువ్వెడతావా, దేవుడెడతాడా? ఆ బియ్యం నా పొయ్యిలోవి. నాకు పని నేకపోతే ఆ పిడికెడు మాత్రం యాడనుంచొస్తాది?"

చెప్పాను. ఒక్క మాట మింగలేదు. అమేలియా తల దించుకుని అంతా విన్నది. తరవాత నిలబడి, నాకు తిరగెయ్యడానికి వీలుగా మెల్లమెల్లగా చెప్పింది. వాళ్ళ ఊరి దగ్గర ఒకప్పుడు ఒక జీడి ఫ్యాక్టరీ ఉండేదట. వాళ్ళమ్మ అందులో పిక్కలు కొట్టేదట. పచ్చి పిక్క ఓడలెక్కి బయటికి పోవడం మొదలయ్యాక ఫ్యాక్టరీకి సరుకు చాలక మూతపడింది. అమేలియా అప్పటికి చిన్నపిల్ల. వాళ్ళమ్మ మిగతా బతుకంతా ఆ గేటు వైపు చూస్తూ గడిపి పోయింది. "ఆ ఓడలు ఎక్కడికి పోతాయో మా అమ్మకి తెలియదు. ఇక్కడికి వచ్చేదాకా నాకూ తెలియదు. పని పోవడమంటే ఏమిటో నేను చూశాను. మీరు నేర్పకపోతే నేను కోపం తెచ్చుకోను," అంది.

ఇది తెలుగులో చెప్పడం అయ్యాక నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఎస్తేరమ్మ నడిచి వచ్చి అమేలియా చేతులు రెండూ తిప్పి చూసింది. "మీయమ్మ సేతులు నల్లగుండేవా? ఇలగ?" అని తన చేతులు చూపించింది. అమేలియా తలూపింది. "పోయేదాకానా?" మళ్ళీ తలూపింది. ఎస్తేరమ్మ ఆ చేతులు వదల్లేదు. టీచరుగారి వైపు తిరిగి, కోపంగానే, "నేర్పుతాను. ఈలమ్మ పనే కదా నాను సేస్తన్నాను. కానీ నాకు భయం పోనేదు, తెలిసిందా? నాకింక నిద్దర పట్టదు," అంది.

"పట్టకూడదే," అంది టీచరుగారు. "నాకూ పట్టదు. అలాగే నేర్పు."

ఆ మాటకి నాకు ఆ రోజు ఒళ్ళు మండింది. ఓదార్చవలసిన చోట ఇదేం మాటని. అమేలియా వెళ్ళేసరికి పది కొడితే తొమ్మిది గింజలు నలగకుండా తియ్యగలిగేది. రైలెక్కే ముందు ఎస్తేరమ్మ ఆమె సంచీలో ఒక ఆముదం సీసా కుక్కింది. తరవాతి కాయకాలానికి ఆ ఊళ్ళో తాటాకు పాక కింద ఆడవాళ్ళు వరసగా కూర్చుని పిక్కలు కొడుతున్న వీడియో నా ఫోనుకి వచ్చింది. టీచరుగారు దాన్ని చెవికి ఆనించుకుని ఆ టకటక విన్నది.

ఎస్తేరమ్మ భయపడ్డట్టే ఆమె పని పోయింది. పోగొట్టింది మాత్రం మొజాంబిక్ కాదు. పిక్కల బస్తాలు వస్తూనే ఉన్నాయి. మా నాన్న పిక్కలు కోసే మిషన్లు కొన్నాడు. పక్క బట్టీల వాళ్ళూ కొన్నారు. కొనకపోతే నిలబడలేమన్నాడు, అదీ నిజమే. ఎస్తేరమ్మనీ, ఇంకొందరినీ ఇంటికి పంపేశారు. ఊళ్ళో మాట మాత్రం వేరేగా పాకింది. సువార్తమ్మ టీచరు మన పని తీసుకెళ్ళి పరాయి దేశం వాళ్ళ చేతిలో పెట్టేసిందని. ఎస్తేరమ్మ, టీచరుగారు ఎదురొస్తే పక్క సందులోకి తిరిగేది. సమాజం పెద్దరికం కూడా ఇంకొకరికి ఇచ్చేశారు. నేను ఆగలేక వాళ్ళింటికి వెళ్ళాను.

"టీచరుగారూ, నిజం చెప్పండి అందరికీ. పని పోయింది మిషన్ వల్ల, మా నాన్న కొన్న కోత మిషన్ వల్ల. మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "మిషను రాకపోయి, నిజంగా ఆ పిల్ల వల్లే ఈల పని పోయేదనుకో. అప్పుడు నేను దాన్ని పిలవకుండా ఉందునా?"

ఆవిడ చేటలోంచి ఒక రాయి ఏరి అవతల పడేసింది.

"పిలుద్దును. తెలిసే పిలుద్దును. మరి ఇప్పుడు మిషనుని అడ్డం పెట్టుకుని నేను మంచిదాన్నని సెప్పుకోమంటావేటే? మంచి పనికి ఎవరో ఒకరు ఖర్చవుతారు. ఎస్తేరు ఖర్చయింది, నేను కాలేదు. ఆ తిట్లు నాకు రావలసినవే. నువ్వు నోరు మూసుకుని ఈ చేట పట్టుకో."

ఇది సరైన మాటో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. ఎన్నిసార్లు ఆలోచించినా ఒడ్డు తగలదు. ఎస్తేరమ్మ కూతురి కాలేజీ ఫీజుకి టీచరుగారు ఎవరెవరి గుమ్మాలో ఎక్కి దిగిందని, ఆ పిల్ల చదువు ఆగకుండా పూర్తయిందని మాత్రం తెలుసు. ఎస్తేరమ్మకి ఆ సంగతి తెలిసినా మాటలు కలవలేదు. సాయం చేశావు కదా అని క్షమించేసే మనిషి కాదు ఆవిడ. క్షమించమని అడిగే మనిషి కాదు ఈవిడ.

టీచరుగారు వర్షాకాలంలో పోయింది. సమాధుల తోటలో బురదలో నిలబడి, ఒక్కొక్కరూ పిడికెడు మట్టి వేస్తున్నారు. నేనూ వేశాను. అందరూ అయిపోయాక ఎస్తేరమ్మ వచ్చింది. మట్టి పిడికిట్లో పట్టుకుని చాలాసేపు వెయ్యలేదు. వేసి, చెయ్యి తుడుచుకోకుండానే నా దగ్గరికి వచ్చింది. "నీకు నిద్దర పడతన్నాదేటే?" అంది. లేదన్నాను. "పట్టదులే," అంది, "ఆ జబ్బు టీచరమ్మ మనకి అంటించేసి ఎలిపోయింది." అని అక్కడే చతికిలబడి బావురుమంది.

అప్పటి నుంచీ నేనూ బియ్యం కొలిచినప్పుడు ఒక పిడికెడు వెనక్కి తీస్తున్నాను. మా ఆయన మొదట్లో నవ్వాడు, ఇప్పుడు నేను మరిచిపోతే గుర్తు చేస్తాడు. డబ్బా నిండాక ఆమదాలవలస వెళ్ళి రైలెక్కి పలాసలో దిగి, ఎస్తేరమ్మకి ఇచ్చి వస్తాను. ఆవిడ మొహమాటపడదు. ఒక్కోసారి, "బియ్యం నిండా రాళ్ళే. నీకు కళ్ళు కనిపించవేటి?" అని తిడుతుంది. మొన్న వెళ్ళినప్పుడు, డబ్బా తన కుండలోకి వంచుకుని, అందులోంచి ఒక పిడికెడు తీసి గోడ పక్కనున్న ముంతలో వేసింది. ఆ ముంత నాకు తెలుసు.

"ఇంకా తీస్తున్నావా పిన్నీ?" అన్నాను.

"తియ్యకేటి? అమేలియా వోళ్ళ పాకకి రేకులేస్తారట, సంఘంలో సెప్పారు." నల్లటి చేతుల్ని చీరకి తుడుచుకుంది. "పని పోయింది గాని, సెయ్యి పోనేదు కదే."

తిరుగు రైల్లో సీటు దొరికింది. అయినా ఆమదాలవలస దాకా తలుపు దగ్గర నిలబడే వచ్చాను.